రెండోసారి ఫ్యాను తిరిగాక

పర్లాకిమిడి కచేరీ వీధిలో
నా కొట్టు షట్టరు సగమే లేస్తుంది.
వంగి లోపలికొచ్చాడు దండాసి,
బియ్యం సంచిలో లాప్‌టాప్,
సంచి అడుగున ఇంకా నాలుగు నూకలు.
"మా అక్కది. ఏటయిందో తెలీదు బాబూ,
ఎలగడం ఎలుగుతాది, సగంలో బిగుసుకుపోతాది."

బిగుసుకుపోవడం నేనూ చూశాను.
నల్ల తెర మీద తెల్ల వరసలు
చీమల్లా పైకి పాకి
ఒక్క వరస దగ్గర ఆగిపోతాయి.
సౌండు కార్డు అని ఉంటుందక్కడ.
ఆ తరవాత కర్సరు కూడా కొట్టుకోదు.
పవర్ బటన్ పది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టాలి,
పీక నొక్కినట్టే ఉంటుంది ప్రతిసారీ.

మూడు రాత్రులు.
పాత డ్రైవర్ తీసి కొత్తది వేశాను,
కొత్తది తీసి ఇంకా పాతది వేశాను.
ర్యామ్ విప్పి రబ్బరుతో తుడిచాను.
ఆఖరి గుణుపురం బండి వెళ్లినప్పుడు
షట్టరు గజగజలాడేది,
అది తప్ప కొట్టులో చప్పుడన్నదే లేదు.
మా ఆవిడ ఫోన్లో అంది,
"అది పాడకపోతే ఎవరికి నష్టం, అన్నం చల్లారిపోతోంది."

నాలుగోరోజు ఆమే వచ్చింది.
ఇప్పిలి నీలవేణి. తాసిల్దారు ఆఫీసు గోడవార
గొడుగు కింద కూచుని అర్జీలు టైపు చేస్తుంది,
ఇంటిపట్టాలూ, కులం కాయితాలూ,
పేరులో తప్పు దిద్దమని మనవులూ.
పాటలు వింటారా, సినిమాలా? అనడిగాను.
ఆమె నా పెదాల్ని చూసింది.
చీటీ మీద తెలుగులో రాసింది:
"పుట్టుకతోనే వినబడదు."
దండాసి చెప్పలేదు. నేను అడగలేదు.

అయితే పని సుళువు.
ఒక్క వాక్యం చాలు:
ఆ డ్రైవర్‌ని పిలవొద్దు.
రాశాను. మెషీన్ గబగబా లేచింది,
తెర నిండా ఆమె అర్జీలు,
గొడుగులేసుకుని నిలబడ్డ ఒడియా అక్షరాలు.

ఆమె సంతోషపడలేదు.
కీబోర్డు ఎడమ అంచున అరచెయ్యి ఆనించింది.
ఆపి మళ్లీ పెట్టమంది. మళ్లీ.
చీటీ తిప్పి రాసింది:
"ఫ్యాను రెండుసార్లు తిరుగుతుంది,
తరవాత ఇక్కడ చిన్న తట్టు.
చెడిపోయిన దగ్గర్నుంచీ
ఒకసారి తిరగ్గానే తట్టు వచ్చేస్తోంది, అప్పుడే బిగుసుకుంటోంది.
ఇప్పుడు మీరు తట్టే తీసేశారు.
ఎండలో తెర కనబడదు.
లేచిందని నాకెలా తెలుస్తుంది?"

నేనూ చెయ్యి పెట్టాను.
ఫ్యాను గాలి. ఇంకేమీ లేదు.
మా నాన్న కొమ్ముతో కొంగల్ని చెక్కేవాడు.
పగులు కంటికి కనబడకముందే ఆకురాయి ఆపేసేవాడు,
ఎలా తెలిసింది అంటే
విసుగ్గా వేళ్లు చూపించేవాడు.
నాకా వేళ్లు రాలేదు, స్క్రూడ్రైవర్ వచ్చింది.

స్పీకరు లోపలి పొర
కరెంటు అందగానే ఒక్కసారి ఉలిక్కిపడుతుంది,
చెవులున్నవాళ్లం పట్టించుకోం.
అదీ ఆ తట్టు.
ముహూర్తానికి ముందే మోగేసిన బాజాలా
డ్రైవరు తొందరపడుతోంది, అంతే.
రాసిన వాక్యం కొట్టెయ్యలేదు,
దాని కింద ఇంకోటి రాశాను:
అందరూ లేచాక
పదిహేను లెక్కపెట్టి పిలువు.

వరసలు పాకాయి, ఆగలేదు.
ఫ్యాను ఒకసారి. రెండోసారి.
నేను తెర వైపు చూస్తున్నాను,
ఆమె గోడ మీది క్యాలెండరు వైపు.
ఆమె కనుబొమ్మ కదిలింది.
లేచిందన్నమాట.

రెండొందల యాభై అన్నాను.
రెండొందలు పెట్టింది కొమ్ము కొంగ కింద,
బేరం లేదన్నట్టు చూపుడువేలు అడ్డంగా ఊపింది.
దండాసి సంచి దులిపితే నూకలు రాలాయి.

ఇప్పుడు ఏ మెషీన్ వచ్చినా
ఎడమ అంచున చెయ్యి పెడుతున్నాను.
ఇంకా ఏమీ తగల్లేదు.
గుణుపురం బండి వస్తోందని మాత్రం
షట్టరు కంటే ముందు
బల్ల చెబుతోంది.